పదడుగుల బల్ల కోసం కొన్న శాండర్

కర్రపని చేసేవాళ్లెవరైనా వచ్చి, వెడల్పు పలకలు నునుపు చేయడానికి పెద్ద శాండర్ ఏది కొనమంటావని అడిగితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అడిగినవాళ్ల మీద కాదు. ఆ ప్రశ్నకి ఒకప్పుడు నేను చెప్పుకున్న జవాబు మీద. ప్యాడ్ ఎంత పెద్దది, మోటారు బలం ఎంత, పని ఎన్ని రోజులు తగ్గుతుంది, ఇవే చూశాను. దాన్ని ఎవరు పట్టుకుంటారో, దేనిమీద తిప్పుతారో చూడలేదు. చూడలేదన్నా అబద్ధమే. పట్టుకోవలసిన మనిషి నా పక్కనే నిలబడి చెప్పింది. నేనే నోరు మూయించాను.

కాశీబుగ్గ నుంచి ఉద్దానం వైపు వెళ్లే రోడ్డు మీద మా షెడ్డు ఉంది. పని చేసేది ఇద్దరమే, నేనూ నా భార్యా. కోయడం, చిత్రిక పట్టడం, అతకడం నా వంతు. ఉప్పుకాగితం పట్టడం, పాలిష్ వేయడం ఆమె వంతు. మా షెడ్డు నుంచి వెళ్లిన తలుపు మీద చెయ్యి వేసి ఎవరైనా "నున్నగా ఉంది మేస్త్రీ" అంటే ఆ మెప్పు ఆమెది. నేనే తీసుకునేవాణ్ణి.

ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. పెళ్లికి ముందు పలాసలో జీడి మిల్లుకి వచ్చేది. తెల్లవారగానే ఆ ఊరి ఆడవాళ్లంతా ఆటోలో ఇరుక్కుని వచ్చి, పొడుగాటి బల్లల ముందు కూర్చుని పిక్కలు కొట్టేవారు. జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది, పొక్కులు లేస్తాయి. అందుకే బూడిదలోనో కొబ్బరినూనెలోనో చేతులు ముంచుకుని పని చేస్తారు. అయినా వేళ్లు నల్లబడతాయి, తోలు లేచిపోతుంది. సంబంధం చూడటానికి వెళ్లిన రోజు ఆమె కాఫీ గ్లాసు ఇచ్చి వెంటనే చేతులు పైటలో దాచేసుకుంది. పలాసలో పుట్టినవాణ్ణి, నాకు అర్థం కాదా? వాళ్లమ్మతో అందరి ముందూ చెప్పాను, "మా ఇంట్లో ఈవిడ జీడి ముట్టుకోనక్కర్లేదు" అని. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే ఇచ్చిన మాట. ఆ చేతులు మామూలు రంగులోకి రావడానికి చాలాకాలం పట్టింది.

టెక్కలి దగ్గర భూములూ పలుకుబడీ ఉన్న ఒక పెద్ద కుటుంబం వారు భోజనాల బల్ల అడిగారు. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. సన్నపు ముక్కలు అతికించకూడదు, రెండడుగుల వెడల్పు పలకలు రెండు పక్కపక్కన రావాలి, పనసే కావాలి. చుట్టాల ఇంట్లో ఇంకో బల్లకి అలాంటివే మరో రెండు. ఉద్దానంలో పనసకేం లోటని బయటివాళ్లు అనుకుంటారు. అంత వెడల్పు పలక ఇచ్చే మానులు కొన్నేళ్ల కిందటి పెద్ద తుఫానుకి కూలిపోయాయి. కూలినవాటిని అప్పుడే కోసి ఎవరికి తోచినట్టు వాళ్లు అమ్మేశారు. కొత్తగా నాటినవి ఇంకా నా తొడంత కూడా లేవు.

ఆ సమయంలోనే ఊరి చివర మూతబడ్డ ఒక మిల్లులో పాత బల్లలు అమ్ముతున్నారని తెలిసింది. వెళ్లి చూస్తే నాకు మతి పోయింది. పాతకాలపు పనస. పగులు లేదు, పురుగు లేదు. పైన మాత్రం నల్లగా, తారు పూసినట్టు దళసరి పొర. పిక్కలు కొట్టి కొట్టి దిగిన నూనె. గోటితో గీకాను. అంటుకోలేదు. ఎండిన జీడి కరవదని మా కర్రపనివాళ్లలో ఒక మాట ఉంది. ఎవరు పరీక్షించి చెప్పారో తెలియదు. నాకు అప్పుడు ఆ మాట కావాలి కాబట్టి నమ్మాను. నాలుగు పలకలూ బండి మీద వేయించి తెచ్చాను.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి మావా ఇది?"

"పనస. ఎడల్పు సూడు, ఎక్కడైనా దొరుకుద్దా?"

"పనసని నాకూ తెల్సు. పైనున్నదేటని అడుగుతన్నాను."

"ఎప్పుడో ఎండిపోయిందే అది."

"జీడి ఎండదు మావా, పడుకుంటాది. ఏడి తగిల్తే లెగుత్తాది. తిరగెయ్యి. అడుగు పక్క పైకెట్టుకో. అటు నూనె నేదు గదా."

ఇంత చిన్న మాట. పలకని తిరగేస్తే సరిపోయేది. కానీ అడుగున అడ్డకర్రలు కొట్టిన మేకుల చిల్లులున్నాయి, బాడిస దెబ్బల ఎగుడుదిగుళ్లున్నాయి. అన్నీ పూడ్చి చదును చేయడానికి మూడు రోజులు పోతాయనుకున్నాను. పైభాగం అద్దంలా సమంగా ఉంది, నలుపు లేపేస్తే చాలు. దానికి మంచి మిషన్ ఉండాలి.

"పదేళ్లు పిక్కలు కొట్టినంత మాత్రాన కర్ర సంగతి నాకు సెప్తావేటి?" అన్నాను.

 మిషన్ కొనడానికి తనూ వస్తానంది ఆమె. పట్టుకునేది తనే కదా.

టెక్కలిలో హైవే పక్కనున్న మిషన్ల కొట్టుకి బస్సులో వెళ్లాం. కొట్టాయన మూడు శాండర్లు తీసి బల్ల మీద పెట్టాడు. మూడూ ఆర్బిటలే. అంటే ప్యాడ్ ఒకే చోట గిరగిరా తిరగదు, సున్నాలు చుడుతూ జరుగుతుంది, అందుకే నారకి అడ్డంగా గీతలు పడవు. మొదటిది అరచేతిలో ఇమిడేది, మా పనికి చాలదు. రెండోది ఆరంగుళాల ప్యాడ్. వేగం తగ్గించుకునే చక్రం ఉంది, వెనకాల దుమ్ము లాగే పైపు తగిలించే మూతి ఉంది, ప్యాడ్ నిండా చిల్లులున్నాయి. చిల్లులున్న కాగితమే దానికి వేయాలి, అప్పుడే దుమ్ము లోపల్నుంచి పైపులోకి పోతుంది. మూడోది ఎనిమిది అంగుళాలది, అన్నం కంచమంత ప్యాడ్. రెండు చేతులా పట్టుకోవాలి. దుమ్ము సంచీ, పైపూ కావాలంటే విడిగా తీసుకోవాలి.

"ఈ పెద్దది మొత్తం టెక్కలిలో ఒక్క మేస్త్రి దగ్గరే ఉంది" అన్నాడు కొట్టాయన.

ఆ మేస్త్రి ఎవరో నాకు తెలుసు, నాకు పోటీ. ఆ మాటతోనే నా బేరం అయిపోయింది. మిగతాదంతా ఊరికే నిలబడడం.

నేను దాన్ని నడుమెత్తు బల్ల మీద ఒక ప్లైవుడ్ ముక్క మీద అర నిమిషం తిప్పాను. అదిరిపోయేలా ఉంది. నా భార్య ముందుకి వచ్చింది.

"నానోపాలి పట్టుకుంటానండి."

కొట్టాయన నవ్వాడు. "ఏటమ్మా, మిక్సీ అనుకుంటన్నావేటి? ఎత్తలేవు."

నేనూ నవ్వాను. ఆయన కంటే గట్టిగా నవ్వాను. దానికి నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆమె వెనక్కి తగ్గలేదు. "సంచీ నేకపోతే దుమ్మెక్కడికెల్తాది?"

"గాల్లోకెల్తాదమ్మా, ఇంకెక్కడికెల్తాది? కావాలంటే సంచీ ఇత్తాను, పైపూ ఉంది."

"అయితే ఆ రెండోదివ్వండి. దాన్లోంచి పైపులోకెల్లిపోద్ది గదా. బరువూ తక్కువే."

"నువ్వూరుకుంటావా?" అన్నాను. కొట్లో ఇంకో నలుగురున్నారు. "పెద్దదే కట్టండి. సంచీ అక్కర్లేదు, పైపు అక్కర్లేదు. చిల్లులు లేని కాగితం చౌక కదా, అదే ఇచ్చెయ్యండి."

తిరుగు బస్సులో శాండర్ డబ్బా నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యమధ్య దాని మీద బొమ్మ చూసుకున్నాను. ఆమె పలాస వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

మర్నాడు ముసురు పట్టింది. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టర్లు సగానికి దించాను. పలకలు బిగించి, ఎనభై నంబరు గరుకు కాగితం వేసి ఇచ్చాను. ఆమె ముక్కూ నోరూ తువ్వాలుతో కట్టుకుంది, చేతులకి కొబ్బరినూనె రాసుకుని పైన బూడిద పులుముకుంది. అలా చూడగానే నాకు చిర్రెత్తింది. నేను మాన్పించాననుకున్న పనికి మళ్లీ తయారైనట్టుంది మరి.

"మిల్లుకెల్తన్నావేటి?" అన్నాను.

"మిల్లే ఇంటికొచ్చింది" అంది.

అప్పుడైనా ఆగవలసింది. ఆగలేదు. మిషన్ మొదలెట్టగానే నలుపు లేచి కింద పసుపు పచ్చటి పనస బయటపడింది. చూడటానికి ఎంత బాగుందంటే ఫోన్ తీసి వీడియో తీశాను. నలుపు పోయి పసుపు రావడం, పక్కన కంచమంత మిషన్. మనిషి తల పడకుండా తీశాను. సాయంత్రానికి రెండు పలకలు అవ్వాలని చెప్పి, ఆ వీడియో చూపించడానికి టెక్కలి బస్సెక్కాను. ఫోన్లో పంపినా సరిపోయేది. ఎదురుగా కూర్చుని మెప్పు తీసుకోవాలి నాకు.

బల్ల అడిగిన పెద్దమనిషి వరండాలో టీ తాగుతుండగా ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. ఆయన ఎదురుగా పెళ్లాంతో ఏం మాట్లాడతామని ఎత్తలేదు.

మూడు గంటలకి షెడ్డుకి వచ్చేసరికి మిషన్ చప్పుడు లేదు. ఆమె కుళాయి దగ్గర కూర్చుని ఉంది. పిలిస్తే మొహం ఎత్తింది. కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. కనురెప్పలు ఏవో, బుగ్గలు ఏవో తెలియడం లేదు. మెడంతా ఎర్రగా కమిలింది. మోచేతుల దాకా బుడగలు. లోపల షట్టర్ల కింద దుమ్ము ఇంకా తేలుతూనే ఉంది, ఘాటు వాసన. వేడికి కరిగిన నలుపు కాగితాలకి బంకలా అంటుకుంది, వాడి పడేసినవి నేల నిండా ఉన్నాయి. పలకలు రెండూ పూర్తయ్యాయి.

"ఎందుకాపలేదే?" అని అరిచాను. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట అదీ. అరుపు.

"రెండవ్వాలన్నావు గదా" అంది. "ఫోన్ సేసేను. ఎత్తలేదు."

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఏమైందని డాక్టరమ్మ అడిగితే నేను "ఏదో పురుగు కుట్టిందండీ" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. పలాసలో ఉండి జీడి సంగతి తెలియని మేస్త్రి అనిపించుకోవడం ఇష్టం లేక. కళ్లు కనిపించక నా భుజం పట్టుకుని కూర్చున్న మనిషి, మొహం డాక్టరమ్మ గొంతు వైపు తిప్పి, "పురుగు కాదండి, జీడి. పాత బల్లల మీద మిషనెట్టేం. దుమ్ము కంట్లోకీ గొంతులోకీ ఎల్లింది" అంది. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. గొంతు కూడా వాచడం మొదలైందని, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరికే కష్టమయ్యేదని చెప్పి, ఆమెని ఆ రోజుకి అక్కడే ఉంచేసింది. పురుగని నమ్మి వేరే మందిచ్చి పంపేస్తే ఏమయ్యేది? పొరపాటు అనొచ్చు మిషన్ సంగతి. ఈ అబద్ధాన్ని ఏమనాలి?

ఆమెకి కళ్లు తెరుచుకోవడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను చేసిన గొప్ప పని, టెక్కలి వెళ్లి కొట్టాయన మీద అరవడం. ఆడమనిషి చేతికిచ్చే మిషనేనా అది, దుమ్ము సంగతి చెప్పాలా వద్దా అని రోడ్డు మీదికి వినబడేలా అరిచాను. ఆయన అంతా విని నెమ్మదిగా అన్నాడు:

"మేస్త్రీ, సంచీ ఇత్తానన్నాను. పైపు ఇత్తానన్నాను. మీ ఇంటావిడ సిన్నదిమ్మని నోరు తెరిసి అడిగింది. ఊరుకోమన్నది నువ్వా, నానా?"

కొట్లో ఎవరో నవ్వారు. నేను బయటికి వచ్చి బస్టాండు దాకా నడుస్తూ కూడా ఆయన్నే తిట్టుకున్నాను. నిజం నోటి ముందుకొచ్చినా ఇంకా వేరే ఎవరో ఒకరు దొరకాలని వెతికాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త ఊరి నుంచి వచ్చి కూతురు పక్కన కూర్చుని ఉంది. ఏమంటుందోనని సిద్ధపడే వెళ్లాను. తిడితే పడదామనుకున్నాను, నాకూ కొంత తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. తడిగుడ్డ పిండుతూ, తల ఎత్తకుండానే, "మిల్లులో ఉన్నప్పుడు సేతులే కాలీవి బాబూ" అంది. అంతే.

ఆ రాత్రి గడిచాక, మిషన్ పెట్టిన రెండింటిలోనూ నూనె లోపలికి దిగి ఉంటుందని, నాలుగు పలకలూ తిరగేశాను. చిత్రిక పట్టి, మేకుల చిల్లుల్లో పనస బిరడాలు దిగ్గొట్టి, జిగురు పెట్టి చదును చేశాను. మూడు రోజులు పోతాయన్నానే, ఒకటిన్నర రోజులో అయిపోయింది. ఆ ఒకటిన్నర రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఉప్పుకాగితం నేనే చేత్తో పట్టాను. ఆమె పట్టినట్టు రాలేదు. పెద్దమనిషి చెయ్యి వేసి చూసి "ఈసారి కొంచెం గరుకుంది మేస్త్రీ" అన్నాడు. ఎందుకో నేను చెప్పలేదు.

చర్మం మానడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. మెడ మీద మచ్చలు అలాగే ఉన్నాయి. మళ్లీ షెడ్డులోకి వస్తావా అని అడగడానికి నాకు మొహం లేదు. ఒకరోజు పొద్దున్న తనే అంది, "మిషన్ కొనాలి, ఎల్దాం. నువ్వు మాటాడకు" అని.

అదే కొట్టు. ఆమె సంచిలో మూడడుగుల పనస ముక్క తెచ్చుకుంది. ఆరంగుళాల మిషన్‌కి పైపు, దుమ్ము లాగే డబ్బా తగిలించమంది. కొట్టాయన అర నిమిషం తిప్పి ఆపబోతే, "ఆపకండి" అని చేతిలోకి తీసుకుంది. నేల మీద పలక వేసుకుని, పని చేసేటప్పుడు ఎలా వంగుతుందో అలా వంగి, పావుగంట తిప్పింది. మధ్యలో వేగం తగ్గించి, అంచు దగ్గర పక్కకి ఒరుగుతోందేమో చూసింది. ఆపగానే నిండా నీళ్లున్న గ్లాసు అడిగి ఎత్తి పట్టుకుంది. చేతికి వణుకు ఎక్కితే నీళ్లు చెబుతాయి. ఇంకో కంపెనీది కూడా అలాగే చూసింది, దానికి నీళ్లు తొణికాయి. మొదటిదే కట్టమంది. కొట్టాయన ఈసారి నవ్వలేదు. చిల్లుల కాగితాలు లెక్కపెట్టి ఇచ్చాడు. కొనడమంటే అలాగని నాకు అన్నేళ్ల పనిలో తట్టలేదు.

షట్టర్లు దించి మిషన్ పెట్టనంది. లోపలికి వచ్చే కర్ర ముందు తను చూస్తుందంది. సరే అన్నాను. సరే అనడం తేలికే.

మొన్న వానలు తగ్గాక, పాత సామాన్లు కొని అమ్మే, ఒడియా సరిహద్దులోని ఇచ్ఛాపురం మనిషి ఒకతను ట్రాలీ ఆటోలో వచ్చాడు. వెనక ఆరు నల్లటి బల్లలు, అలాంటి మిల్లువే. నాకిస్తే మంచి ధర అన్నాడు. "జాగా లేదు" అన్నాను. అతను సరేనని ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగాడు. లోపల్నుంచి ఆమె గొంతు వచ్చింది.

"జాగా నేదేటి? ఎనకాలంతా ఖాళీయే గదా."

"మరేటి సెప్పమంటావు?"

"నా పెళ్లాం వద్దందని సెప్పు. అవి జీడి తాగిన బల్లలని సెప్పు. నువ్వు కొనకపోతే ఇంకోడు కొంటాడు, ఆడింట్లో ఇంకొకతి మిషనెడతాది."

ఆ ఆలోచనే నాకు రాలేదు. నా పరువు కాపాడుకుని పంపేద్దామనుకున్నాను, అంతే. అన్నీ తెలిసొచ్చాక కూడా నేను మారింది అంత మాత్రమే.

రోడ్డు దాటి వెళ్లి చెప్పాను. అతను టీ ఊదుకుంటూ నవ్వాడు. "పెళ్లాం సెప్తే కర్రొదిలేత్తావేటి మావా?"

"ఒదిలేత్తాను" అన్నాను. 

అంతలో ఆమె తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చేసింది. ఎవరినీ అడగకుండా ట్రాలీ వెనక ఎక్కి, మొదటి బల్ల నల్లటి మొహం మీద పెద్ద అక్షరాలతో రాసింది. జీడి. మిషన్ పెట్టొద్దు.

"అమ్మా, అమ్మా! ఇలగ రాత్తే ఎవుడు కొంటాడమ్మా?"

"కొంటే సదువుకుని కొంటాడు. మావా, రెండోది లాగు."

నేను ఒక్కొక్క బల్లా పక్కకి లాగి పట్టుకున్నాను. ఆరూ రాసింది. దిగబోతూ ఆగి, అతని వైపు చూసింది.

"మీ వేపు ఒడియావోళ్లు కొంటారేమో గదా. నీకు ఒడియా రాయడమొచ్చా?"

"వచ్చు గానీ..."

"అయితే రాయి." కుంచె అతని చేతిలో పెట్టింది.

అతను సణుక్కుంటూ ఎక్కాడు. ఆమె రాసినదాని కింద ఒక్కొక్క బల్ల మీదా గుండ్రటి అక్షరాలతో ఏదో రాశాడు. ఆరింటి మీదా అదే రాశాడో లేదో, ఒకటికి రెండుసార్లు పోల్చి చూసింది ఆమె. ఏం రాశాడో మా ఇద్దరికీ తెలియదు. బండి ఇచ్ఛాపురం వైపు వెళ్లిపోయింది.